పోలమ్మకేసిన సూది

స్క్రీన్ మీద కిల్లర్ టీ సెల్ క్యాన్సర్ కణాన్ని ఆనుకుని నిలబడింది. నిలబడిందే గానీ చేయి చేసుకోదే! విశాఖ ల్యాబ్‌లో డాక్టర్ చారుమతి ఊపిరి బిగబట్టింది.

సంగతేమిటంటే, మన ఒంట్లో కిల్లర్ టీ సెల్ అనే ఈ వస్తాదు ఒంటరిగా పెద్దగా కొరగాడు. ముందు డెండ్రిటిక్ సెల్ అనే వేగులవాడు శత్రువు తునకొకటి తెచ్చి "ఇదిగో ఆనవాలు" అని చూపాలి. హెల్పర్ టీ సెల్ అనే పెద్దమనిషి "సరే, కానివ్వండి" అనాలి. అప్పుడుగానీ వస్తాదు శత్రువు గోడకి కన్నం వేసి లోపల విషం పొయ్యడు. క్యాన్సరేమో ఈ ముగ్గురినీ కలవనివ్వదు. చారుమతి తయారుచేసిన యంత్రం చేసే పనల్లా వాళ్లని ఒకచోట కూర్చోబెట్టడమే!

ఆమె మీట నొక్కింది. క్యాన్సర్ కణం బుడగలా పగిలింది.

ఆ కణం చేపలమ్మే పోలమ్మది. అరికాల్లో నల్లమచ్చ, మెలనోమా అనే చర్మ క్యాన్సర్. ఆనవాలుగా చారుమతి ఎంచుకున్నది నలుపు తయారుచేసే ప్రోటీన్. అది చర్మమంతటా ఉంటుందని ఆమెకు తెలుసు. చెబితే పోలమ్మ సూదికి ఒప్పుకోదేమోనని చెప్పలేదు.

యంత్రంలో జతకూడిన కణాలనే సూదిమందుగా పోలమ్మకి వేసింది. మచ్చ కరిగిపోయింది. ఎండాకాలం వచ్చేసరికి పోలమ్మ తలనుంచి కాలిదాకా తెల్లగా పాలిపోయింది.

"మా ఆయన గుమ్మంలో నన్ను సూసి 'ఎవరు కావాలండీ' అన్నాడమ్మా," అని పోలమ్మ నవ్వబోయి ఆగింది. "నా నలుపు నాకిచ్చీ సూది లేదేటి?"

"సూదిలో ఇచ్చిన కణాల్ని ఆపితే మచ్చ మళ్లీ వస్తుంది పోలమ్మా. ముందే చెప్పాల్సింది. తప్పు నాది."

"ఒక్క మాట అడిగుంటే సరే అందును. అడక్కుండా సేసినావు."



ఇంతలో గేటు దగ్గర గోల. పోలమ్మ తెల్లబడిందన్న కబురు ఊరంతా పాకిందిగా! జనం తోసుకుంటున్నారు. "ఆవిడకేసిన సూదే మాకూ వెయ్యండి!"

చారుమతి పరుగున వెళ్లింది. "అది అందం కాదమ్మా, చర్మంలో నలుపునిచ్చే కణాలు చచ్చిపోవడం! ఎండ తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. క్యాన్సరున్నవాళ్లకే వేస్తాం!"

ముందు నిలబడ్డావిడ, నల్లగా నిగనిగలాడే కూతుర్ని దగ్గరకు లాక్కుని గొంతు తగ్గించింది.

"పిల్లకి చిన్న క్యాన్సరున్నట్టు రాసెయ్యండి డాక్టరుగారూ. మేమేమీ అనుకోం."

ఆ పిల్ల అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడిచి, జబ్బ చూపింది.