మాట్లాడని చుట్టాలు

టైలర్ మాస్టారి చూపు ఒక్కసారిగా పోలేదు. నడిమధ్య నుంచి తినేసుకుంటూ వచ్చింది. ఎవరి వైపు తిన్నగా చూసినా ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మరక, దాని చుట్టూ కాస్త జుట్టు, కాస్త భుజం. నలభై ఏళ్ళు సూదితో బతికిన మనిషికి సూది కనబడకపోతే ఇంకేం మిగులుతుంది చెప్పండి? కింద కొట్టు మూసేసి, మేడ మీది రెండు గదుల్లో భార్యతో ఉండిపోయాడు.

అది చాలదన్నట్టు, గోరుచుట్టు మీద రోకటిపోటులా, మనుషులు కనబడటం మొదలైంది. కిటికీ దగ్గర టోపీలు పెట్టుకున్న ముగ్గురు పిల్లలు. బీరువా పక్కన, అంచులు కుట్టని కోటు తొడుక్కున్న పొడుగాటి ఆసామి. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చూస్తూ నిలబడేవాళ్ళు, అంతే.

మాస్టారు ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చోడంటారు. పెళ్ళాన్నీ, గదినీ వదిలించి ఎక్కడో పడేస్తారు. తిండి తగ్గించాడు, మాట మానేశాడు, గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఒకరోజు పొద్దున భార్య వచ్చి ఆ గోడకీ ఆయనకీ మధ్య కూర్చుంది. "ఏం జరుగుతోందో చెబుతారా, నన్ను చావమంటారా?" అంది. పసిపిల్లాడిలా ఏడ్చి అంతా కక్కేశాడు.

కళ్ళ డాక్టరమ్మ నవ్వలేదు. "పిచ్చి కాదు మాస్టారూ. పని లేని చూపు తనంతట తనే బొమ్మలు గీసుకుంటుంది. చాలామంది పెద్దవాళ్ళకి ఉంటుంది, సిగ్గుపడి చెప్పరు. అవి మాట్లాడవు, తాకితే తగలవు. అయితే మీ మనసు బాగా కుంగిపోయింది. దానికి వేరే డాక్టరున్నారు, వెళ్ళండి" అంది. వెళ్ళాడు. రెండు నెలల్లో మనిషి మళ్ళీ మనిషయ్యాడు.

భార్య ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టింది. తను ఏ గదిలోకొచ్చినా ముందు "నేనే" అంటుంది. "అనకపోతే అది మీ చుట్టమే. పట్టించుకోకండి, కళ్ళు మూసుకోండి" అంది.

"ఈ పూట ఎంతమందొచ్చారేంటి?" అని వేళాకోళమాడేది.

"నలుగురు. ఒక్కడూ టీ అడగలేదు, మర్యాదస్తులు."

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికే గది చీకటైపోయింది. కరెంటు లేదు. తడిమట్టి వాసన, దూరంగా ఉరుము. "నేనే. డాబా మీద బట్టలు తీసుకొస్తా, వానొచ్చేస్తోంది" అంటూ భార్య మెట్లెక్కింది. నెత్తి మీద ఎవరో మూటతో కొట్టినట్టు వాన పడింది. ఆ హోరులో పైన ఏదో దబ్బున చప్పుడైంది. పిడుగనుకున్నాడు మాస్టారు.

కాసేపటికి గుమ్మంలో ఒక ఆకారం నిలబడింది.

తెల్లగా ఉంది. తల మీంచి కాళ్ళ దాకా ఏదో కప్పుకుని ఉంది. అంచులోంచి నీళ్ళు కారుతున్నాయి. 'నేనే' అనలేదు.

కొత్త చుట్టం, అనుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. గదిలోకి రెండడుగులు వచ్చేసింది.

"ఏమండీ, నేనే." వంటింట్లోంచి భార్య గొంతు. అమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది. వెనక మెట్ల మీంచి దిగుంటుందిలే అనుకున్నాడు.

"ఎవరో వచ్చిందే. ముసుగేసుకుంది."

"పట్టించుకోకండి. కళ్ళు మూసుకోండి."

మూసుకున్నాడు. వాన... గడియారం... మధ్యలో ఎవరో ముక్కుతో కష్టపడి ఊపిరి తీస్తున్న చప్పుడు. చుట్టాలకి ఊపిరుండదే!

"ఇంకా నిలబడే ఉందా?" వంటింట్లోంచి గొంతు.

ఓరగా చూశాడు. "లేదు... కూలబడింది. నా కాళ్ళ దగ్గరే."

"అయితే ఇంకెంతోసేపు పట్టదులెండి."

ఎంత నెమ్మదిగా అంది! నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఏ మాటా అంత నెమ్మదిగా అని ఎరగదు.

"ఏమిటే పట్టనిది?" అని గొణిగాడు. ఆయన పాదం మీద ఒక బొట్టు పడింది. మరొకటి. వాన నీళ్ళనుకున్నాడు. కానీ అవి వెచ్చగా ఉన్నాయి.

చెయ్యి చాచాడు. తగలకూడదు. డాక్టరమ్మ చెప్పింది, తగలవని... తగిలింది. తడి దుప్పటి. దాని కింద మనిషి.

"ముట్టుకోకండి!" అని అరిచింది వంటింటి గొంతు.

చేతులు ఆగలేదు. అవి దర్జీ చేతులు, వాటంతట అవే భుజాలు వెతుక్కున్నాయి. కుడి భుజం. ఎడమ భుజం, అర అంగుళం కిందికి. ఆ అర అంగుళం కోసమే పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ ప్రతి బట్టకీ ఎడమ పక్క గుడ్డ మడత పెట్టి కుట్టాడాయన. లోకంలో ఇంకెవరికీ ఆ భుజం లేదు.

"ఒసేయ్... నువ్వా?"

దుప్పటి కింద తల ఊగింది. వేళ్ళకి జిగటగా నెత్తురంటింది. పై ప్రాణాలు పైనే పోయాయి మాస్టారికి. కిటికీ దగ్గరికి పడుతూ లేస్తూ పోయి, వీధంతా వినబడేలా అరిచాడు. వంటింట్లోంచి మళ్ళీ మాట రాలేదు.

డాబా మీద జారి తలకి దెబ్బ తగిలిందన్నారు ఆసుపత్రిలో. ప్రాణం దక్కింది, మాట పోయింది. "అరగంట ముందు తెచ్చుంటే..." అని అక్కడి డాక్టరు ఆగిపోయాడు. ఆ అరగంటా ఆవిడ తన కాళ్ళ దగ్గరే ఉంది. చెప్పుతో కొట్టుకున్నా తీరని బాధ అది.

కళ్ళ డాక్టరమ్మ ఒక్కావిడకే గొంతు సంగతి చెప్పాడు. "మనసు బెదిరితే చెవి కూడా అబద్ధమాడుతుంది మాస్టారూ. చీకటి, ఉరుములు, ఒంటరితనం. మీ తప్పు కాదు" అందావిడ. ఆ మాట పట్టుకుని బతికాడు. నా బుర్రలోదే, నా బుర్రలోనే ఉండిపోతుంది, అనుకున్నాడు. ఎవరైనా తనకి పిచ్చి ఉండాలని మొక్కుకుంటారా? ఆయన మొక్కుకున్నాడు.

నెల తిరిగేసరికి భార్యని ఇంటికి తెచ్చారు. బస్సు నడిపే కూతురు సెలవు పెట్టి వచ్చింది. తల్లి కుడిచేయి ఇంకా లేవదు. ఎడమచేతికి పెన్సిలిచ్చి, ఒళ్ళో పుస్తకం పెట్టింది.

"అమ్మ రాస్తోంది నాన్నా! వంకరటింకరగా ఉందిగానీ అక్షరాలే!" కూతురి గొంతులో ఏడుపూ నవ్వూ కలగలిసిపోయాయి.

"ఏం రాసిందే? చదువు, చదువు!"

"ఉండు... 'ఆ రోజు'... 'వంటింట్లోంచి'... 'నా గొంతుతో మీతో మాట్లాడిందెవరు?'" కూతురు ఆగింది. "ఇదేంటి నాన్నా? నాకర్థం కాలేదు."

మాస్టారి నోరు ఎండిపోయింది. "నీళ్ళు..." అన్నాడు.

"తెస్తానుండు." కుర్చీ జరిగిన చప్పుడు. అడుగు పడలేదు. "వదులమ్మా. వంటింట్లోకేగా, రెండు నిమిషాల్లో వస్తా."

మాస్టారు చెవులు రిక్కించాడు.

"అదేంటి నాన్నా, కుడిచేత్తో పట్టుకుంది!" కూతురు నవ్వబోయి మానేసింది. "నొప్పెడుతోందమ్మా... వదులు... నాన్నా, అమ్మ వదలడం లేదు."