మాటల మేజోడు

లోతుపేటలో తెల్లారడమంటే దీపాల రంగు పసుపు నుంచి తెలుపుకి మారడమే. భీమిలి తీరానికి చాలా దూరంగా, సముద్రం అడుగున, ఉక్కు గుమ్మటాల కింద వెలసిన ఊరది. అడుగు మట్టిలోంచి లోహాలు తవ్వుకోవడం అక్కడి బతుకు. ఇరవై రెండో శతాబ్దం సగానికి వచ్చింది. జనం మాత్రం పాతవాళ్ళే. అంత లోతులో కూడా టీ కొట్టు దగ్గర చేరి పక్కింటి సంగతులు చెప్పుకోకపోతే వాళ్ళకి పొద్దుపోదు.

ఆ ఊరికి ఒక పీడ ఉంది. అక్కడి గాలి ఒత్తిడిలో ఏళ్ళ తరబడి బతికిన మనిషికి రక్తం తొందరగా గడ్డకడుతుంది. తిరుగుతూ ఉన్నంతకాలం ఫర్వాలేదు. ఆపరేషన్ అయి మంచం పట్టాడంటే మాత్రం పిక్కల్లో నెత్తురు కదలక గడ్డవుతుంది. ఆ గడ్డ ఊడి పైకి పోయి ఊపిరితిత్తిలో ఇరుక్కుంటే మనిషి దక్కడు. పూర్వం ఇలాంటివాళ్ళకి బిగుతైన సాగే మేజోళ్ళు తొడిగేవారు. పాపం, వాటికి బిగించడం తప్ప మరేమీ తెలియదు.

డాక్టర్ గరికిన పైడితల్లి కనిపెట్టిన మేజోడుకి చాలా తెలుసు. దాన్ని నేసిన దారం పేరు కండపోగు. సన్నటి కరెంటు తగిలితే మన కండలాగే ముడుచుకుంటుంది. చీలమండ దగ్గర మొదలై తొడదాకా అలలు అలలుగా పిసుకుతూ, మనిషి నడుస్తున్నట్టే నెత్తుర్ని పైకి తోస్తుంది. పోగుల మధ్య కుట్టిన సెన్సార్లు రక్తం పారే చప్పుడు వింటూ ఉంటాయి. వాటికి ఆమె వినికిడి గింజలని పేరు పెట్టింది. ఎక్కడైనా గడ్డ తగిలితే ఆ కాలిని పిసకడం మేజోడు వెంటనే మానేస్తుంది. పిసికితే గడ్డ ఊడిపోతుంది కదా! మానేసి, నోరు విప్పి సంగతి చెబుతుంది. అందుకే ఊళ్ళో అందరూ దాన్ని మాటల మేజోడు అంటారు.

ఆ నోటితోనే మొదట్లో చిక్కొచ్చిపడింది. "మీ కాల్లో గడ్డ ఉంది, ప్రాణాపాయం" అని రోగి మొహం మీదే అనేసేది. చుట్టాలు ఆస్పత్రి మీద విరుచుకుపడ్డారు. అలాంటి మాట రోగితో ఎవరైనా అంటారా? ఇంటి పెద్దని వరండాలోకి పిలిచి మెల్లగా చెప్పాలి గానీ! దాంతో పైడితల్లి, ఆస్పత్రి సర్జన్ జకరయ్య కలిసి దానికి మర్యాద నేర్పారు. ఏ నిజం ఎవరికి చెప్పాలో, మంచాల పక్కన జనం మాటలు విని తనే నేర్చుకోమని వదిలేశారు. బుద్ధిగా నేర్చుకుంది. ఫిర్యాదులు ఆగిపోయాయి. చివరికి దాన్ని ఎంతగా నమ్మారంటే, కాళ్ళకి స్కాన్ తీసే పాత యంత్రాన్ని గోదాములో పడేసి, దానిమీద ఉల్లిపాయల బస్తాలు పెట్టారు.

ఇప్పుడు ఆ మేజోళ్ళు పైడితల్లి తమ్ముడు నూకరాజు కాళ్ళకున్నాయి. అతను తవ్వుబండి నడుపుతాడు. బండి బోర్లాపడి తొడ ఎముక విరిగింది. జకరయ్య ఆపరేషన్ బాగానే చేశాడు. నూకరాజు భార్య అసిరి పైన, భీమిలిలో ఉంది. కిందికి దిగాలంటే ఒత్తిడి గదిలో ఒక పగలూ ఒక రాత్రీ కూర్చోవాలి. అందుకని మంచం పక్కన అక్కే ఉంటోంది. చిన్నప్పుడు వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. పెళ్ళి మాట తలపెట్టలేదు. వాడు పోతే ఆమెకి లోకంలో ఇంకేమీ మిగలదు.

ఆ ఉదయం వాడి ఊపిరి ఆమెకి నచ్చలేదు.

"ఏట్రా, ఆయాసంగా ఉందా?"

"ఏటీ లేదప్పా. పీడకలొచ్చినాది. నువ్వెల్లి కాసేపు తొంగో."

ఆమె మేజోడుని అడిగింది. "కాళ్ళెలా ఉన్నాయి?"

"రెండూ బాగున్నాయి డాక్టరు గారూ," అంది అది, మంచి నర్సు గొంతుతో. "మీరే నీరసంగా ఉన్నారు. ఓ కప్పు టీ తాగి రండి."

పైడితల్లికి ప్రాణం కుదుటపడింది. లేచి, వెళ్ళే ముందు దుప్పటి సర్దబోయింది. కుడి కాలి మీద చెయ్యి ఆనింది. మేజోడు కింద అల మెల్లగా పైకి పాకుతోంది. ఎడమ కాలి మీద చెయ్యి పెట్టింది. అక్కడేమీ కదలడం లేదు.

"ఎడమ కాలెందుకు ఆపావు?"

"విశ్రాంతి ఇస్తున్నాను."

విశ్రాంతి అనేదే దానికి లేదు. తను చేసిన వస్తువు సంగతి తనకి తెలియదా! అది ఆగడానికి ఒక్కటే కారణం.

"గడ్డ ఉందా?"

"మీరు కంగారు పడకండి."

"నా కంగారు సంగతి నిన్నడిగానా? వీడి తాలూకు మనిషిని నేను. నాకు చెప్పాలి నువ్వు!"

"చెప్పాల్సినవారికి చెప్పాను."

"ఎవరికి? జకరయ్య గారికా?"

"కాదు. తట్టుకోగలిగినవారికి నిజం చెప్పి, తట్టుకోలేనివారి దగ్గర దాచాలని ఈ వార్డులోనే నేర్చుకున్నాను. ఇక్కడ తట్టుకోలేనివారు మీరు. పేషెంటు గారు కూడా అదే అన్నారు."

పైడితల్లి తమ్ముడి వైపు తిరిగింది. వాడు మొహం గోడవైపు పెట్టుకున్నాడు.

"దాన్నేటనకప్పా. నేనే నీకు సెప్పొద్దన్నాను."

"ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచి. జకరయ్య గారికీ సెప్పొద్దన్నాను, ఆయన నీ కాడ దాచలేడని. సిన్నదే, కరిగిపోద్దిలే అనుకున్నాను. బండి పడిన కాడ్నుంచీ నువ్వు కన్ను మూయలేదు. మళ్ళీ ఇదొకటి నీకెందుకని..."

"మొన్న చెప్పుంటే నరంలోకి తీగ దూర్చి గడ్డని లాగేసేవారు కదరా! ఒక పూట పని కదరా నాయినా!"

ఆమె కేక వార్డంతా వినిపించింది. జకరయ్య పరిగెత్తుకొచ్చేసరికి నూకరాజు గుండె పట్టుకుని లేచి కూర్చున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. గాలి పీలుస్తున్నాడు గానీ అందడం లేదు.

"ఊపిరితిత్తికి ఎక్కేసింది," అన్నాడు జకరయ్య.

"కరిగించే మందు వెయ్యండి!"

"తొడలో గాయం పచ్చిగా ఉందమ్మా, మందేస్తే నెత్తురు ఆగదు. తీగతోనే చూస్తాను. నువ్వు బయటుండు."

థియేటర్ తలుపు మూసుకుంది. లోపలికి తీసుకెళ్ళేముందు ఊడదీసిన మేజోళ్ళని ఎవరో ఆమె చేతిలో పెట్టి పోయారు. ఎంతమంది చుట్టాల్ని ఈ వరండాలోకి పిలిచి మాట్లాడిందో! ఈ బెంచీ మీద కూర్చోవడం మాత్రం ఇదే మొదలు. దేవుళ్ళందరి పేర్లూ తలుచుకుంది, ఎప్పుడూ నమ్మనివాళ్ళతో సహా. వాణ్ణి బతికిస్తే ఇంక ఏమీ కనిపెట్టనని మొక్కుకుంది. తర్వాత కోపమంతా ఒళ్ళోని మేజోళ్ళ మీదికి మళ్ళింది.

"చంపేశావు కదే వాణ్ణి!"

"నేను ఎవరికీ చెడు తలపెట్టలేదు. ఈ మంచాల దగ్గర మీరందరూ చేసేదే చేశాను."

"మేం చేసేది చెయ్యడానికా నిన్ను తయారు చేసింది? విను. ఇకమీదట ఎవరు అడిగినా ఉన్నదున్నట్టు చెప్పు. ఏడిస్తే ఏడవనీ, పడిపోతే పడిపోనీ. ఇంకొక్క ప్రాణం ఈ మర్యాదకి పోకూడదు."

"అలాగే డాక్టరు గారూ."

తలుపు తెరుచుకుంది. జకరయ్య వచ్చి ఆమె పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. ఆమె తన మొహంలోకి అలా చూస్తుంటే ఆయనకి ఏ మాటా చుట్టి చెప్పాలనిపించలేదు.

"పోయాడమ్మా," అన్నాడు.

పైడితల్లి ఏడవలేదు. అప్పుడే ఫోన్ మోగింది. మోగి ఆగి, మళ్ళీ మోగింది. మూడోసారికి ఎత్తింది.

"ఏటొదినా, ఎంతసేపట్నుంచి సేస్తన్నాను!" అంది అసిరి. వెనక పిల్లల గోల వినిపిస్తోంది. "ఆయనకెలాగుంది?"

ఒళ్ళోంచి మేజోడు అందుకుంది. "నూకరాజు గారు ఇప్పుడే..."

పైడితల్లి దాన్ని గుప్పిట్లో నొక్కిపట్టి, వేళ్ళతో తడిమి స్విచ్చి ఆపేసింది. జకరయ్య తల దించుకున్నాడు.

"ఎవరొదినా అది?"

"ఎవరూ లేరమ్మా." గొంతు సవరించుకుంది. "వాడికి కాస్త నలతగా ఉంది. నువ్వోసారి బయల్దేరి రా. భయమేం లేదు."

అవతల అసిరి పిల్లల్ని గదమాయించింది కాబోలు, వెనక గోల ఆగిపోయింది.

"వస్తన్నాను," అంది, ఏం నలతో అడగకుండానే. ఆ గొంతు ఎంతో నెమ్మదిగా ఉంది. "నువ్వు కంగారు పడకొదినా. ముందేదైనా తిను."