ఓవా లాంటిదే

మనవరాలిని చంకనేసుకుందంటే ఓదెమ్మ ఇక దించే మనిషి కాదు. చెయ్యి గుంజినా సరే, నడుము పట్టేసినా సరే. భివండి గైబీనగర్‌లో కింద కొడుకు రూపేష్ మరమగ్గాల కారఖానా, పైన వీళ్ల ఇల్లు. కింద సాంచాలు టకటకలాడుతుంటే పైన నేల సన్నగా అదురుతుంటుంది. ఆ అదురుకే పది నెలల కాజల్ హాయిగా నిద్రపోతుంది. కరెంటు పోయి చప్పుడు ఆగిందా, లేచి ఇల్లు పీకి పందిరేస్తుంది. భివండి పిల్ల మరి!

ఆ పొద్దున కాజల్‌కు జలుబు చేసి ముక్కు మూసుకుపోయింది. కోడలు సోనాలి ఆఫీసుకు తయారవుతూ, ఓ చిన్న గిన్నెలో వేలు ముంచి కాలి బొటనవేలి గోరుకు ఏదో నూనె రాసుకుంటోంది. వానాకాలం బురదలో తిరిగి తిరిగి ఆ గోరు పాడైంది.

"ఏందే సోనాలీ అది? ఓమ వాసన గుప్పుమంటంది."

"ఓరిగానో తేల్ అత్తమ్మా. ఆఫీసుల దోస్తు చెప్పింది, గోరుకు మంచిదట."

"గదేం పేరే! నోరు తిరుగుతలేదు."

"ఓవా లాంటిదే అత్తమ్మా. అరే, టైమ్ అయింది, ఆటో దొరకదు మళ్ల!" అంటూ చెప్పులు తొడుక్కుని నిజాంపురాలోని నూలు వ్యాపారి ఆఫీసుకు పరుగెత్తింది. గిన్నెలో ఉన్నది కొబ్బరినూనె, అందులో సీసాలోంచి కలిపింది ఒక్క చుక్క అని చెప్పే తీరిక ఆ పిల్లకు లేకపోయింది. అడగాలని ఈవిడకు తోచలేదు.

మరాఠీలో ఓవా అంటే మన వామే. ఇక ఓదెమ్మకు వేరే భరోసా ఏం కావాలి? జలుబుకు వామే, కడుపునొప్పికి వామే, బాలింత కూటిలోకీ వామే. రూపేష్‌ను వాము మూటతో కాపడం పెట్టే పెంచింది.

మధ్యాహ్నానికి పిల్లకు ముక్కు గురగురలాడసాగింది. మూట కడదామని చూస్తే వాము నిండుకుంది. గూట్లో సోనాలి నూనె సీసా కనబడింది. "ఓమ లేకుంటేనేం, ఓమ నూనె ఉన్నది గద" అనుకుని మూత తీసింది.

అయితే ఓదెమ్మకు ఓ పద్ధతుంది. ఏ మందైనా ముందు పెద్దల ఒంటికి, ఆ తర్వాతే పసి ఒంటికి. అది ఆమె అత్త నేర్పింది. నాలుగు చుక్కలు మోచేతి లోపలివైపు వేసుకుని బాగా రుద్దుకుంది. అంతలో కాజల్ లేచి ఏడ్చింది. ఏడుపు వినగానే ఓదెమ్మకు ఒళ్లు తెలియదు కదా, గబుక్కున అదే చేతి మీదికి ఎత్తుకుంది.

పిల్ల ఊరుకుంది గానీ చెయ్యి భగ్గుమంది. పచ్చిమిరపకాయలు నూరి పూసినట్టే! పిల్లను చాప మీద కూర్చోబెట్టి నీళ్లు పోసుకుంది. మంట తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. "అమ్మో, ఇది ఓమ గాదు, పాడుగాను!" అని సీసాను అందనంత ఎత్తున పెట్టేసింది.

భోజనానికి ఇంటికొచ్చిన సోనాలి పిల్లనెత్తుకోగానే ఆ నూనె వాసన ముక్కుకు తగిలింది. గౌను పైకి జరిపి చూసింది. తొడమీద రూపాయి బిళ్లంత ఎరుపు.

"హే కాయ్!" కోపమొస్తే సోనాలికి మరాఠీ పొంగుకొస్తుంది. "అత్తమ్మా! పాపకు ఆ తేల్ పెట్టినవా?"

పెట్టలేదు అందామంటే పిల్ల తొడ ఎర్రగా కనబడుతోంది. పెట్టాను అందామంటే పెట్టలేదు. తన చేతి నూనే పిల్లకు అంటిందని అప్పటికి గాని బుర్రకెక్కలేదు. ఓదెమ్మ చేతిని కొంగులో దాచుకుని నిలబడింది.

"చెప్పవేంది! అది మంట మందు అత్తమ్మా, పసిపిల్లలకు ముట్టియ్యొద్దు! కంట్ల పడితే ఏమయ్యేది?" సోనాలి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కొబ్బరినూనెలో ముంచిన గుడ్డతో పిల్ల తొడ తుడిచి, సబ్బుతో కడుగుతోంది. ఏడుపులు విని రూపేష్ మెట్లెక్కి వచ్చాడు.

"అవ్వా, నువ్వెందుకు ముట్టినవే గవన్నీ? తెల్వకపోతే అడగాలె గద!"

"నాకు భయమైతంది. రేపటి సంది పాపను పాళణాఘర్‌ల పెడ్త," అంది సోనాలి. పిల్లల్ని చూసుకునే ఇల్లు ఒకటి పక్క గల్లీలోనే ఉంది.

ఆ మాట ఓదెమ్మకు చేతి మంటకన్నా ఎక్కువ మండింది. కాజల్ లేని ఇంట్లో పొద్దంతా ఏం చూస్తూ కూర్చుంటుంది ఆవిడ?

అందరూ దవాఖానకు పోయారు. డాక్టరమ్మ కాజల్‌ను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. పాపకేమీ కాలేదు, సాయంత్రానికి ఎరుపు పోతుంది, వెంటనే నూనెతో తుడిచి మంచి పని చేశారంది. అది చుక్కలో బోలెడంత ఆకు సారముండే నూనె అనీ, పెద్దవాళ్లయినా కొబ్బరినూనెలో కలిపి, ముందు కొద్ది చోట రాసి చూసుకోవాలనీ, పసిపిల్లలకూ కడుపుతో ఉన్నవాళ్లకూ వద్దనీ, తనను అడగకుండా నోట్లో వేసుకోవద్దనీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఓదెమ్మ వైపు చూసింది.

"కొంగెందుకట్ల చుట్టుకున్నరు? ఏదీ, చెయ్యి చూపండి."

ఓదెమ్మ చూపించలేదు. సోనాలే కొంగు తీసింది. మోచేతి లోపల చర్మమంతా కమిలి రెండు బొబ్బలు లేచి ఉన్నాయి.

"ఇదేంది అత్తమ్మా?"

"పిల్లకు పెట్టే ముందు నాకు పెట్టుకుంటి బిడ్డా. మండింది, పక్కన పెట్టిన. పిల్లకు పెట్టలే, నీ మీదొట్టు. ఏడిస్తే ఎత్తుకున్న, నా చెయ్యే అంటినట్టున్నది."

"మరి చెప్పవేంది అప్పుడే?"

"తప్పు నాదే గదా. నా చేతులల్ల పిల్లకు గట్లయినంక ఏం మొఖం పెట్టుకొని చెప్పాలె?"

ఇంటికొచ్చాక ఓదెమ్మే పిల్ల బట్టలు ఒక్కొక్కటి మడతపెట్టి సంచిలో సర్దడం మొదలుపెట్టింది. "పాళణాఘర్‌లనే పెట్టు సోనాలీ. నాకు సీసా మీది అక్షరాలు తెల్వయి. మళ్ల ఇంకోటి ఏమన్న జేస్తనేమో, నాకే భయమైతంది."

సోనాలి సంచి లాగేసి కింద గుమ్మరించింది.

"అక్షరాలు తెలిసిన నేను ఏం చేసిన అత్తమ్మా? ఓవా లాంటిదే అని ఒక్క మాట పారేసి పోయిన. సీసాను తాళమేసి పెట్టాల్సింది నేను. నా బిడ్డకు పెట్టే ముందు తన ఒళ్లు కాల్చుకునేటోళ్లు పాళణాఘర్‌ల ఎవరున్నరు, చెప్పు!"

ఆ మాటతో ఓదెమ్మ గట్టిగానే ఏడ్చేసింది. సోనాలి ఆవిడ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, డాక్టరమ్మ ఇచ్చిన మందు రాస్తూ ఉఫ్ ఉఫ్ అని ఊదింది. అది చూసి కాజల్ కూడా బుగ్గలు పూరించి ఊదింది. గాలికి బదులు ఉమ్మి వచ్చింది. ఏడుస్తున్నవాళ్లిద్దరికీ నవ్వాగలేదు.

"ఇంకోసారి గిట్ల నీ చేతికి పెట్టుకున్నవంటే నేనూరుకోను అత్తమ్మా," అంది సోనాలి ముక్కు తుడుచుకుంటూ.

"మరెవరికి పెట్టి చూడాలె?"

అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి గుమ్మంలోని రూపేష్ వైపు చూశారు.

"నేనేం జేసిన!" అన్నాడు వాడు ఒకడుగు వెనక్కేస్తూ.

ఓదెమ్మ మనవరాలి కోసం బొబ్బల్లేని చెయ్యి చాచింది. సోనాలి బిడ్డను తెచ్చి ఆ చేతిలో పెట్టి, తాను అత్త ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది.