కుప్పంలో రెండు ఫ్లాపీలు

2001 ఆగస్టు. పుంగనూరు బస్టాండు వెనక సీక్రెట్ ఏజెంట్ మునిరత్నం శవం దొరికింది. గొంతు కోసి ఉంది. ఏళ్ల తరబడి తనతో పనిచేసిన మనిషిని హరినాథ్ గుర్తుపట్టి, సంతకం పెట్టి, పక్క హోటల్లో కాఫీ తాగాడు. వేడిగా ఉందో చల్లారిందో తెలియలేదు.

మదనపల్లెలో, టమోటా మండీ మేడ మీద చీఫ్ బ్రీఫింగ్ ఇచ్చాడు.

"ఎర్రచందనం స్మగ్లర్ల ఆచూకీ చెప్పేవాళ్ల పేర్లు ఒక ఫ్లాపీలో, ఊళ్లు ఇంకోదాంట్లో పెట్టాం. రెంట్లోనూ ఒక్కో మనిషికి ఒక్కో కోడ్, పేరునీ ఊరినీ కలిపేది అదొక్కటే. రెండూ విదేశీ స్మగ్లర్ల రింగ్ చేతికి చిక్కాయి. రేపు కుప్పంలో వాళ్ల లీడర్ విక్టర్ వాటిని స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో మెర్జ్ చేయిస్తాడు, అంటే ఏ పేరుకు ఏ ఊరో జతచేయిస్తాడు."

"చేసేదెవరు?"

"భార్గవి. ఆ రింగ్‌లోకి మనం పంపిన ఏజెంటే. ఇప్పుడు ఎవరి మనిషో తెలీదు. మెర్జ్ అయితే ఆచూకీ చెప్పినవాళ్లందరిదీ మునిరత్నం గతే. అవసరమైతే కాల్చెయ్."

"సరే సార్." ఆమెతో పాత స్నేహం. అయినా గుండె ఉలకలేదు, పలకలేదు.

మర్నాడు కుప్పంలో, బట్టల కొట్టు పైనున్న కంప్యూటర్ సెంటర్లో, యూపీఎస్ మెకానిక్ వేషంలో బ్యాటరీలకు నీళ్లు పోస్తున్నాడు హరినాథ్. స్క్రూడ్రైవర్ పిడిలో దాచిన తుపాకీ, అందులో ఒకే ఒక్క తూటా. కింద కొట్లో బేరాలాడుతున్నది మఫ్టీ పోలీసులు.

నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. అలా వచ్చిన భార్గవి కీబోర్డు ముందు కూర్చుంది, పక్కన విక్టర్ నిలబడ్డాడు.

"పుంగనూరు ఆవు పాలిస్తాండాదా అమ్మా?" కోడ్‌వర్డ్ విసిరాడు. ఇంకా తమ మనిషే అయితే దానికి జవాబివ్వాలి.

ఆమె తిరిగి కూడా చూడలేదు.

"ఫాస్ట్!" అన్నాడు విక్టర్.

"రెండు ఫైళ్లలోనూ కోడ్‌ని నంబర్‌గా కన్వర్ట్ చేయాల సార్. అప్పుడే కలుస్తాయి."

కన్వర్ట్ చేసింది. అవే ఫ్లాపీల మీద సేవ్ కొట్టింది. తర్వాత మెర్జ్ మీదికి పోయింది మౌస్. హరినాథ్ పిడిని ఆమె వీపుకు గురిపెట్టాడు. వేలు బిగిసింది.

"దూడకే సాలడం లేదప్పా," అంది భార్గవి. కోడ్‌వర్డ్‌కి జవాబు అదే; హరినాథ్ వేలు సడలింది.

తెర మీద కోడ్‌లు ఉండాల్సిన చోట బారులు బారులుగా చుక్కలు. ఆ కోడ్‌లన్నీ అక్షరంతో మొదలయ్యేవి. అక్షరాన్ని అంకె చేయమంటే సాఫ్ట్‌వేర్ చుక్క పెట్టి ఊరుకుంటుంది. సేవ్ కొట్టడంతో పాత కోడ్‌లూ చెరిగిపోయాయి, ఇక ఏ పేరు ఏ ఊరిదో దేవుడికే తెలియాలి.

విక్టర్ పిస్టల్ తీశాడు. హరినాథ్ తూటా అతని మణికట్టులో దిగింది. పోలీసులు మెట్లెక్కి వచ్చారు.

"నన్నే కాలుస్తావనుకుంటి," అంది భార్గవి.

"నేనూ అట్లే అనుకుంటి."

ఆమె మునిరత్నం కోసం ఏడ్చింది. హరినాథ్ తనకూ ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు.

సెల్ మోగింది.

"శభాష్!" అన్నాడు చీఫ్. "ఇంతకీ ఆ ఫైళ్ల బ్యాకప్ ఎక్కడుంది?"

"అసలూ, బ్యాకప్పూ ఆ ఫ్లాపీలే, సార్."