ఫోన్‌లో దొరికిన ఉన్ని పోగు

"నిన్న సాయంత్రం కూడా మీ ఫోన్ కలవలేదేం?" కాఫీ కప్పు భర్త ముందు ఠక్కున పెట్టి అడిగింది ఆమె.

"ఛార్జింగ్ ఎక్కట్లేదే. సాయంత్రానికి చచ్చూరుకుంటోంది."

ఈ మాట ఆమెకు కొత్త కాదు. కొన్నాళ్లుగా ఆయనగారు ఆలస్యంగా ఇల్లు చేరుతున్నారు, ఫోన్ సరిగ్గా ఆ వేళకే ప్రాణం విడుస్తోంది. కడుపుతో ఉన్న మనిషి మనసులో అనుమానం పడితే ఊరికే పోతుందా?

అతను వైరు అటూ ఇటూ తిప్పి, విసిగి, పిన్నీసు అందుకున్నాడు.

"ఇనుము దూర్చారంటే ఉన్నది కూడా పోతుంది. ఇటివ్వండి!"

పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలామె. ఇరుకు సందుల్లో పని ఆమె చేతికి అలవాటే. ఫోన్ స్విచాఫ్ చేసి, కిటికీ వెలుతురులో పట్టుకుని, సన్నటి చెక్కపుల్లతో ఛార్జింగ్ పెట్టే చోట అంచుల వెంట మెల్లగా గీసింది. అతను ఊదబోతే, "లోపల తడి చేరుతుంది, జరగండి" అని కసిరింది. పొడి బ్రష్‌తో దులిపితే చిన్న ఉండ రాలింది.

లేత నీలం ఉన్ని. ఆ ఇంట్లో ఉన్ని బట్టన్నదే లేదు.

"ఎవరిదిది?"

"జేబులోదేమో..."

"మీ జేబులు ఉతికేది నేను. నా దగ్గరా ఈ నాటకాలు? ఎవరావిడ?"

అతను తల దించుకున్నాడు. "అమ్మ."

వేరు కాపురం పెట్టిన నాటి నుంచి అత్తాకోడళ్లకు మాటల్లేవు.

"రోజూ కాసేపు వెళ్తున్నా. కూర్చున్నంతసేపూ ఫోన్ చూడనివ్వదు. ఆపేసి, ఉన్ని సంచిలో పడేస్తుంది. చెబితే వెళ్లనిచ్చేదానివా?"

వెళ్లనిచ్చేది కాదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఆ సాయంత్రం అతని వెనకే ఆమె కూడా వెళ్లింది. తలుపు తీసిన అత్తగారు కోడల్ని చూసి గుమ్మం వదిలి పక్కకు జరిగింది. కుర్చీలో నీలం స్వెట్టరు, ఒక చెయ్యి ఇంకా అల్లాలి. అరచేయంత స్వెట్టరది. అది చూడగానే కోడలికి కళ్లు నిండిపోయాయి. తాను ఎవరెవరినో ఊహించుకుని కుమిలిపోయినంత కాలం, ఇక్కడ ఈవిడ తన బిడ్డకు బట్టలు అల్లుతోంది.

అత్తగారు అలవాటుగా కొడుకు వైపు చెయ్యి చాపింది. "ఫోనిటివ్వరా."

కోడలు ముందుకొచ్చి తన ఫోన్ ఆపేసి ఆ చేతిలో పెట్టింది.

"నీ దాంట్లోనూ ఉన్ని చేరుతుందే," అంది పెద్దావిడ.

"చేరనివ్వండత్తయ్యా. తీసేసుకోవడం నాకొచ్చు."