వైకుంఠం సేటు ఇంటికి వచ్చిన వీడియో గేమ్

"టీవీ ఏమన్నా చాయ్‌పత్తానా, వచ్చి చేబదులు అడగనీకి?"

గుమ్మానికి అడ్డంగా నిలబడి రాజమణి అన్న మాట అది. ఎదురుగా బాలకిషన్, చంకలో తువ్వాలు కప్పిన పెట్టె.

బాలకిషన్ మొఘల్‌పురాలో పప్పుల టోకు వ్యాపారం చేసే వైకుంఠం సేటు కొడుకు. రాజమణి అదే గల్లీలో ఉండే ఆర్టీసీ మెకానిక్ మల్లన్న కూతురు. గల్లీ మొత్తానికి టీవీ ఉన్నది మల్లన్న ఇంట్లోనే. కొనే స్తోమత వైకుంఠానికి లేక కాదు. బొమ్మలు చూస్తూ కూర్చుంటే తూకం తప్పుతుందని ఆయన భయం.

"చేబదులు కాదు. ఈడనే పెట్టి ఆడుకుందాం. మా మామ దుబాయ్ నుంచి తెచ్చిండు. వీడియో గేమ్."

"ఆడుకుందామా? ఎవరెవరు?"

బాలకిషన్ పెట్టె మీది తువ్వాలు సర్దాడు. "ఇద్దరుండాలె. నేనొకణ్ణి."

రాజమణి అతణ్ణి కింది నుంచి మీదికి చూసింది. "సాయంత్రం రా. టీవీల సినిమా మొదలయ్యే లోపల అయిపోవాలె. లేకుంటే నీ డబ్బా బయటికి, నువ్వూ బయటికి."

అసలు సంగతి వేరే ఉంది. మర్నాడు మధ్యాహ్నం నిజామాబాద్ నుంచి మిర్చి వ్యాపారి ఈశ్వరయ్య వస్తున్నాడు, తన కూతురికి బాలకిషన్‌ను ఖాయం చేసుకోవడానికి. రాజమణికి చెప్పాల్సిన మాటేమో చాలాకాలంగా బాలకిషన్ గొంతు దగ్గరే ఆగిపోయింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చునే ఆట దొరికింది కదా, ఆడుతూ ఆడుతూ చెప్పేద్దామనుకున్నాడు. చెప్పడానికి మిగిలింది ఈ ఒక్క సాయంత్రమే.

కానీ నాయనమ్మ నాగమణమ్మ సంగతి మరిచిపోయాడు. కొత్త తరాజు వచ్చినా, కొత్త గడియారం వచ్చినా ఆమె పూజ చేయనిదే ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. సాయంత్రం ఆమె పళ్లెంతో బయల్దేరేసరికి గల్లీ సగం వెంట నడిచింది. జనం మల్లన్న ఇంట్లో పట్టలేదు. కిటికీ ఊచలకు కూడా జనం వేలాడారు.

నాగమణమ్మ దండం పెట్టి తువ్వాలు తీసింది. నల్లటి పెట్టె, రెండు వైర్లు, వాటి చివర రేడియోకు ఉండేలాంటి తిప్పుడు గుండీలు.

"గింతేనా?" అన్నాడు మల్లన్న.

"ఇస్త్రీ పెట్టె లెక్కుంది," అంది పక్కింటి ఎల్లమ్మ. "బొగ్గులు ఏడ పోస్తరు?"

వైకుంఠం సేటు దాన్ని అరచేతిలో పెట్టి ఎగరేసి చూశాడు. "కిలో కూడ లేదు. లోపల సరుకు లేదు. మీ మామను మస్తు మోసం చేసిండ్రు."

నాగమణమ్మ పెట్టెకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ ఎత్తి పెట్టె మీదికే గురి చూసింది. రాజమణి ఒక్క గెంతులో పెట్టెను లాగేసుకుంది.

"అయ్యో అవ్వా! కాయ కాదు, అదే పగుల్తది!"

చివరికి కాయ గడప మీద పగిలింది. బాలకిషన్ టీవీకి వైరు తగిలించాడు. తెర మీద అటో తెల్లగీత, ఇటో తెల్లగీత, నడుమ చిన్న తెల్ల చుక్క తిరుగుతూ టక్, టక్‌మంది.

"హీరో ఏడి?" అంది ఎల్లమ్మ.

"గా పుల్లనే," అన్నాడు బాలకిషన్.

ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. రాజమణి గాజుల చేత్తో గుండీ తిప్పుతుంటే బాలకిషన్‌కు తెర కనబడడం మానేసింది.

"రాజమణీ, నీతో ఒక మాట చెప్పాలె," అన్నాడు మెల్లగా.

"ముందు బంతిని చూడు."

"రేపు నిజామాబాద్ వాళ్లు వస్తున్నరు. నన్ను చూసుకోనీకి."

రాజమణి చెయ్యి ఆగింది. చుక్క ఆమె గీతను దాటి పోయింది. "వస్తే రానీ. మంచిగ చాయ్ పొయ్యి," అని గుండీని విరిగేలా తిప్పింది.

"అది కాదు, నాకు..."

అప్పుడే ఇద్దరి తలల మీదా అక్షింతలు పడ్డాయి. నాగమణమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

"ఏందే నాయనమ్మా ఇది?"

"ఏందంటవేందిరా! పిల్లది ఒక దిక్కు, నీది ఒక దిక్కు, నడుమ చెండు. నా పెండ్లిల మీ తాతతోని పీటల మీద గిట్లనే ఆడిన. నలుగురి నడుమ చెండ్లాట అయినంక ఇంక పెండ్లి కానిదేముంది?"

"నిజమే," అంది ఎల్లమ్మ. "పసుపు కుంకుమ అయింది. కాయ గూడ కొట్టిరి."

పెళ్లిలో వధూవరులు విసురుకునేది పూలచెండనీ, ఇది వేరనీ బాలకిషన్ చెప్పబోయాడు. కానీ చెప్పడానికి మనసు రాలేదు.

"అమ్మా! అవి పూలు కాదే, కరెంటు!" అని అరిచాడు వైకుంఠం.

"కరెంటు పూలే అనుకో. చెండ్లాట అయినోనికి ఇంకో పిల్లను తెస్తే నేను అన్నం ముట్ట."

"వాళ్లింట్ల కోడికూర తింటరే!"

మల్లన్నకు రోషం వచ్చింది. "మా కూర సంగతి మీకేంది సేటు? నా బిడ్డ పేరు తియ్యకుండ్రి. డబ్బా తీసుకొని నడువుండ్రి!"

లొల్లి ముదిరింది. వైకుంఠం చెయ్యెత్తాడు. "ఆగుండ్రి. ఇది ఉత్త ఆట. ఎవరితో ఎవరైనా ఆడొచ్చు. మల్లన్నా, కూసో. మనిద్దరం ఆడి చూపిద్దాం. మనకేం పెండ్లి కాదు గద!"

ఇద్దరూ కూర్చున్నారు. మొదటి దెబ్బకే వైకుంఠం ఓడిపోయాడు. వేలెడంత గీతను సరిగా జరపలేకపోవడం ఆయనకు చాలా అవమానమైంది. "ఇంకోటి," అన్నాడు. మల్లన్న చొక్కా చేతులు మడిచాడు. సినిమా వేళయిందని ఎల్లమ్మ గుర్తు చేస్తే, "సినిమా లేదు గినిమా లేదు!" అని ఇద్దరూ ఒక్కసారే కసిరారు.

"కాసుకో బావా!" అన్నాడు మల్లన్న ఆట ఊపులో.

"నువ్వు కాసుకో బావా!" అన్నాడు వైకుంఠం.

ఏమన్నారో వాళ్లకే తెలియదు. నాగమణమ్మ మాత్రం మిగిలిన అక్షింతలు వాళ్ల మీద గుమ్మరించింది. "వియ్యంకులు వరసలు గూడ కలుపుకున్నరు!"

రాజమణి లేచి విసవిసా పెరట్లోకి వెళ్లిపోయింది. బాలకిషన్ వెనకే పరుగెత్తాడు.

"కోపమొచ్చిందా?"

"రాదా మరి? మీ నాయనమ్మ తీర్పు చెప్పింది. ఎల్లమ్మ సాక్ష్యం చెప్పింది. మా నాయిన వరస కలిపిండు. నన్ను అడిగినోళ్లు ఉన్నరా? గంత లొల్లిల నువ్వొక్కనివే నోరు తెరువలేదు."

ఆ మాట అతనికి గట్టిగా తగిలింది. నిజమే కదా అనిపించింది.

"నువ్వంటే నాకు ఇష్టం రాజమణీ. మస్తు ఇష్టం. చెప్పే ధైర్యం లేక డబ్బా పట్టుకొచ్చిన. నన్ను చేసుకుంటవా? వద్దంటే చెప్పు, గిదంతా ఉత్త ఆటేనని నేనే పోయి అందరికీ చెప్త."

రాజమణి అతని వంక సూటిగా చూసింది. "నేను కోడికూర తింట."

"తిను. నేను పక్కన కూసొని పప్పు తింట."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "ఊఁ. గదేదో లోపలికి పోయి చెప్పు. నాకొక్కదానికి చెప్తే ఏం లాభం?"

బాలకిషన్ లోపలికి వెళ్లి, టీవీకీ తండ్రికీ మధ్య నిలబడ్డాడు.

"బాపూ, ఈశ్వరయ్యను రావద్దను. నేను రాజమణిని చేసుకుంట. నాయనమ్మ చెప్పిందని కాదు. నాకిష్టం."

మల్లన్న కూతురి వైపు చూశాడు. బాలకిషన్ వెనకే లోపలికి వచ్చిన రాజమణి తల దించకుండా, అవునన్నట్టు ఊపింది.

వైకుంఠం కొడుకును చూశాడు. తల్లిని చూశాడు. తెర మీది తెల్లగీతను చూశాడు.

"ఈశ్వరయ్య ఇంట్ల టీవీ ఉన్నదా?"

"లేదు బాపూ."

"అయితే పొద్దుగాల్నే ట్రంక్‌కాల్ చెయ్యి. ఇప్పుడైతే పక్కకు జరుగు, ఆట కనబడ్తలేదు."

చాప మీద సర్దుకుని కూర్చుని, ఆయన మల్లన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంకోటి ఆడుదామా, బావా?"

ఈసారి ఆ మాట తెలిసే అన్నాడు.