బెల్లం కాలిన వాసన

ఆయిలింజన్లు, పంపులు బాగుచేసే దుకాణాలు ఆ రోజుల్లో జహీరాబాదులో రెండే ఉండేవి. ఒకటి మాది. మాది అంటే మాణిక్ అన్నది. ఆరేళ్ళు అతని దగ్గర పని నేర్చుకుని, ఏడో ఏట నుంచి నేనూ "మాది" అనడం మొదలుపెట్టాను. అంత నమ్మాను మరి, వెర్రివాణ్ణి.

మా దుకాణానికి పేరు తెచ్చింది ఒక మసాలా. పైపుల అతుకుల్లో నీళ్ళు కారకుండా అందరూ బజారులో దొరికే రంగుముద్ద పూసేవారు. మాణిక్ అన్న మాత్రం సున్నం, ముదురు బెల్లం, తరిగిన జనపనార కలిపి రోట్లో నూరేవాడు. ఎండితే అది రాయే. విప్పాలంటే మంట పెట్టాలి. అప్పుడు బెల్లం కాలిన వాసన గుప్పుమంటుంది.

"ఈ కొలత మనిద్దరికే ఎరుక తమ్మీ. జగ్గయ్యకు గూడ చెప్పలే" అనేవాడు.

జగ్గయ్య మాతోనే పనిచేసేవాడు. సొంత దుకాణం పెడతానని నలుగురిలో అంటూ తిరిగేవాడు. అరవై ఒకటిలో, వానలు వెనకబట్టాక, ఉన్నట్టుండి కనబడకుండా పోయాడు. ఎవరో ఆడమనిషితో షోలాపూర్ పోయాడని మాణిక్ అన్న చెప్పాడు. ఆ మాట జగ్గయ్య భార్య శరణమ్మకు చేరవేసింది నేనే.

ఆమె ఏడవలేదు. "నీకెవలు చెప్పిన్రు తమ్ముడా?" అంది.

"మాణిక్ అన్న" అన్నాను. ఇంకేం సాక్ష్యం కావాలన్నట్టు అన్నాను.

మరుసటి ఎండాకాలం న్యాల్‌కల్ వైపు నుంచి మహాదేవప్ప అనే రైతు వచ్చాడు. ఉగాదికి కొన్న పొలంలో బావికి పంపు ఉంది. "ఇంజను దడదడ కొట్టుకుంటది గని చుక్క నీళ్ళొస్తలేవు మేస్త్రీ. చెరుకు ఎండిపోతున్నది" అన్నాడు. మాణిక్ అన్న ఊళ్ళో లేడు. వస్తానని నేనే మాటిచ్చేశాను.

సంగతి వినగానే మాణిక్ అన్న మొహం మాడిపోయింది. "ఆ బావి నేనెన్నడు చూడలే. పాత అతుకు జోలికి పోకు. కొత్త పంపు పెట్టుకొమ్మని చెప్పు."

నాకు నవ్వొచ్చింది. నేను విప్పలేని అతుకు ఉందా? నా పంతం చూసి చివరికి, "సరే, నేను గూడ వస్త. మోకు నేనే పట్టుకుంట" అన్నాడు.

మా పనిలో మొదటి రోజు నేర్పేది పానా పట్టడం కాదు, మోకు పట్టడం. కిందివాడు పైకి వచ్చేదాకా పైవాడు మోకు వదలకూడదు, ఒంటికి పోవడానికైనా కదలకూడదు. కిందివాడు పైపు మీద మూడు దెబ్బలు కొడితే పైకి లాగాలి. మాణిక్ అన్న ఆ మూడూ తనదైన తీరులో కొట్టేవాడు. ఒకటి కొట్టి, ఆగి, వెంటవెంటనే రెండు.

మిట్టమధ్యాహ్నం నడుముకు మోకు కట్టుకుని దిగాను. మహాదేవప్ప సద్ది తేవడానికి ఇంటికి పోయాడు. ఆరు నిలువుల బావి. నాలుగు నిలువుల కింద గోడలో తొలిచిన గూట్లో పంపు ఉంది. దాని కింద నల్లటి నీళ్ళు. పైన ఎండ మండుతున్నా గూట్లో చీకటే. నాచు కంపు. ఎక్కడో టప్... టప్... అని నీటి చుక్కలు.

బోల్టులు నాలుగూ వచ్చాయి. అతుకు మాత్రం రాలేదు. కిరసనాయిలు పోశాను. సుత్తెతో బాదాను. పానా జారి అరచెయ్యి చీరుకుపోయింది. ఇక లాభం లేదని బ్లోలాంపు వెలిగించి అతుక్కు మంట పెట్టాను.

పొగ లేచింది. వాసన వచ్చింది.

బెల్లం కాలిన వాసన.

నా చెయ్యి ఆగిపోయింది. ఈ బావి ఎన్నడూ చూడలేదన్నాడే... అతుకు ఊడింది. పైపు నోటికి అడ్డంగా ఒక ఇనుప రేకు. నీళ్ళు రాకుండా ఎవరో కావాలని మూశారు. పంపు పనిచేస్తే ఎండాకాలంలో బావి అడుగు కనబడుతుంది. కనబడకూడదనే మూశారు. అడుగున ఏముందో నాకు అప్పుడు తెలిసింది. శరణమ్మ మొహం గుర్తొచ్చింది. ఇన్నేళ్ళు అన్నా అన్నా అని తిరిగింది వీడి వెంటనా!

పై నుంచి గొంతు, మెల్లగా. "విప్పినవా తమ్మీ?"

నేను బ్లోలాంపు ఆర్పేశాను.

"వాసనొచ్చిందా?"

"అన్నా..." అన్నాను. ఏడుపు వచ్చేసింది. "అన్నా, నన్ను గుంజు..."

మోకు వదులైంది. తర్వాత మొత్తం మోకు నా మీదుగా నీళ్ళలో పడింది.

పానాతో పైపు మీద కొట్టాను. మూడు. ఎవరూ లాగరని తెలుసు. అయినా కొట్టాను.

జవాబు వచ్చింది. పై నుంచి కాదు. నీళ్ళ కింద నుంచి. ఠంగ్... ఠంగ్... ఠంగ్.

బుడగలు లేచాయి. నీళ్ళలో పడిన మోకు కొస పైకి తేలింది. నా కళ్ళ ముందే, ఎవరూ పట్టుకోకుండానే, గోడ వెంట పాకుతూ పైకి పోయింది. పైన ఒక అరుపు... సగంలో ఆగింది. నడుముకున్న ముడి బిగిసింది. కళ్ళు మూసుకున్నాను. ఎవరో లాగారు. తొందర లేకుండా, పని తెలిసిన చేతులతో, మోకు జారకుండా లాగారు.

పైన ఎవరూ లేరు. మాణిక్ అన్న సైకిలు ఉంది. ఒక చెప్పు ఉంది. మోకు కొస రాతి గుంజకు చుట్టి ఉంది. దాని మీద సున్నపు వేలిముద్రలు, ఇంకా తడిగా.

సద్ది తెచ్చిన మహాదేవప్పకు ఏం చెప్పానో గుర్తులేదు. తిన్నగా శరణమ్మ ఇంటికి పోయి కాళ్ళ మీద పడ్డాను. ఆమె వాకిట్లో రోలు కడుగుతోంది. రోట్లో జనపనార పీచులతో తెల్లటి ముద్ద అంటుకుని ఉంది. "ఆయన షోలాపూర్ పోలే. నాకెరుకనే తమ్ముడా" అంది, తలెత్తకుండా.

వారం తర్వాత మహాదేవప్ప దుకాణానికి వచ్చాడు. "ఆ అతుకు మళ్ళ ఎవలు బిగించిన్రు మేస్త్రీ? బోల్టులు బయటనే ఉన్నయి గని, రాయి లెక్క అతుక్కున్నది. చెవి పెడితే లోపల చప్పుడైతున్నది."

"ఎట్ల?"

అతను బల్ల మీద వేలితో కొట్టి చూపించాడు. ఒకటి. ఆగి, వెంటవెంటనే రెండు.

ఆ మూడు దెబ్బలు ఎవరివో ఈ భూమ్మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మోకు నా వెనక గోడకే వేలాడుతోంది.

"పైపుల గాలి పట్టింది పటేలా" అన్నాను. "పాత అతుకు జోలికి పోకుండ్రి. కొత్త పంపు పెట్టుకోండ్రి."

అతను వెళ్ళాక బల్ల తుడవబోయాను. అతను కొట్టి చూపిన చోట సున్నపు మరక ఉంది. గోడకున్న మోకు నుంచి నీళ్ళు కారుతున్నాయి.